క్రూయిజర్ బండిని మీకు తగినట్టు మలచుకోవడం ఎలా

క్రూయిజర్ రకం మోటారు సైకిల్ కొన్న కుర్రవాడు దానికి కొబ్బరికాయ కొట్టి వారం తిరగకముందే సైలెన్సర్ మార్పించడానికి మెకానిక్ దగ్గర నిలబడటం శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ మామూలు సంగతే. ఆ తరువాత హ్యాండిల్ మారుతుంది, పిమ్మట వెడల్పాటి టైరు వస్తుంది, నడుము పట్టేశాక ఎప్పుడో సీటు గుర్తుకొస్తుంది. ఇక్కడ చెప్పబోయే క్రమం దీనికి సరిగ్గా తలకిందులు. బండిని మొదట మీ ఒంటికి, తరువాత మీరు తిరిగే రోడ్డుకు సరిపెట్టుకుని, అంతటా చట్టాన్ని దృష్టిలో ఉంచుకుని, కంటికింపు సంగతి ఆఖరున చూసుకుంటే డబ్బు తక్కువ పోతుంది, చేయించిన పని మళ్లీ విప్పించే అవసరమూ చాలావరకు తప్పుతుంది. మోజు తగ్గించుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆదివారం పొద్దున్నే బకెట్టు నీళ్లు, పాత బనియను గుడ్డ పట్టుకుని బండి పక్కన చతికిలబడే జాతిలోని వాణ్నే నేనూ.

బండి ఎంపిక

క్రూయిజర్ సీటు కిందికి ఉంటుంది, కాళ్లు ముందుకు చాపుకునే వీలుంటుంది, హ్యాండిల్ మన వైపుకు వంగి వస్తుంది, ముందు ఫోర్కు మామూలు బండి కంటే ఎక్కువగా వాలి ఉండటం వల్ల రెండు చక్రాల మధ్య దూరం పెరుగుతుంది. ఈ పొడవు వల్లే శ్రీకాకుళం దాటాక నరసన్నపేట, టెక్కలి వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద బండి నిలకడగా సాగిపోతుంది. అదే పొడవు వల్ల విజయనగరం గంటస్తంభం దగ్గర సాయంత్రం రద్దీలో బండి తిప్పాలంటే ఒకటికి రెండుసార్లు కాలు ఆనించవలసి వస్తుంది. మీ రోజువారీ తిరుగుడు ఈ రెండింటిలో ఏ రకమో ముందుగా నిజాయితీగా తేల్చుకోండి.

సీటు ఎత్తు తక్కువగా ఉన్నంత మాత్రాన బండి తేలిక అనుకోవద్దు. 2020 నవంబరులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 సీటు ఎత్తు 765 మి.మీ., బరువు 191 కిలోలు. 2023లో అమ్మకానికి వచ్చిన సూపర్ మీటియర్ 650 సీటు 740 మి.మీ.కు దిగినా బరువు 241 కిలోలకు ఎక్కింది. బజాజ్ అవెంజర్ 220 క్రూయిజ్ సీటు 737 మి.మీ. మాత్రమే, బరువు 163 కిలోలే, కాబట్టి పొట్టివారికీ మొదటిసారి క్రూయిజర్ ఎక్కేవారికీ అది ఇప్పటికీ మంచి బడి. షోరూంలో బండి ఎక్కి కూర్చుని ఫొటో దిగడంతో సరిపెట్టకుండా, ఇంజను ఆపి, దిగి, పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు వీధి కాలువ మీదుగా నిట్టనిలువు ర్యాంపు ఉంటుంది, రోజూ రాత్రి ఆ బరువును మీరు ఆ ర్యాంపు మీద నుంచే లోపలికి ఎక్కించాలి. పొడవాటి బండి ర్యాంపు అంచు దాటేటప్పుడు పొట్ట గీసుకుంటుందేమో కూడా చూసుకోవాలి: మీటియర్ 350కి నేల నుంచి 170 మి.మీ. ఎడం ఉండగా, సూపర్ మీటియర్‌కు ఉన్నది 135 మి.మీ. మాత్రమే. ర్యాంపు కొలత తీసుకుని వెళ్లిన కొనుగోలుదారును చూసి సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

ధర విషయంలో ఒక గీత గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గగా, ఆ పైవాటి మీద అది 40 శాతమైంది. అందువల్ల ఈ రెండు తరగతుల మధ్య తేడా మునుపటికంటే బాగా పెరిగింది. ఆ తేడా సొమ్ములో కొంత పెట్టి 350 సీసీ బండినే చక్కగా తీర్చిదిద్దుకోవచ్చుననేది నా అభిప్రాయం.

పాత బండి కొంటున్నట్లయితే 2002లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్, 2005లో వచ్చిన బజాజ్ అవెంజర్ మన వైపు తేలిగ్గా దొరుకుతాయి. నంబరు ప్లేటు మీద ఏపీ 30 ఉంటే శ్రీకాకుళం జిల్లా బండి, ఏపీ 35 ఉంటే విజయనగరం బండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరు చూసి జిల్లా చెప్పే వీలు పోయింది. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఫైనాన్సు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీని (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో అప్పు నమోదు తీసేయించే ఫారం 35ని చేతికి తీసుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి. ముందు చక్రం నేలకు తగలకుండా బండిని లేపించి, ఫోర్కు అడుగు భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు టక్ మని కదిలితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయిందని అర్థం. అంతకుముందు యజమాని వైరింగు కోసి లైట్లు పెట్టించి ఉంటే మాత్రం ఎంత చవకైనా ఆలోచించండి, ఎందుకంటే ఇతరులు కోసిన వైరింగులో తప్పు వెతకడం కన్నా ఇంజను విప్పి బిగించడం తేలిక.

ఏమీ మార్చకుండా కొన్నాళ్లు

కొత్త బండి అయినా పాతది అయినా రెండో సర్వీసు పూర్తయ్యే వరకు దాని మీద ఒక్క బోల్టు కూడా మార్చవద్దు. దీన్ని వేచి ఉండే కాలంగా భావించకుండా కొలతలు తీసే కాలంగా వాడుకోవాలి. ఒక చిన్న నోటు పుస్తకం ట్యాంకు సంచిలో పెట్టుకుని, గంటకు పైగా నడిపిన ప్రతిసారీ ఒంట్లో ఎక్కడ నొప్పి వచ్చిందో, ఎంతసేపటికి వచ్చిందో రాయండి. ప్రతి నొప్పీ ఏదో ఒక భాగం వైపు వేలు చూపిస్తుంది. అరచేతులు, వేళ్లు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ దూరంగా ఉండి మీరు దాని మీద వాలుతున్నారని, లేదా గ్రిప్పులు మరీ సన్నగా ఉన్నాయని అర్థం. భుజాలు, మెడ పట్టేస్తుంటే హ్యాండిల్ మరీ ఎత్తుగానైనా ఉండి ఉండాలి, లేదా ఛాతీకి తగిలే గాలిని ఎదుర్కొంటూ మీరు హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నట్టయినా అయి ఉండాలి. రెండో సందర్భంలో చిన్న విండ్ షీల్డు ఒక్కటి సరిపోతుంది. వెన్నెముక అడుగున, కూర్చునే ఎముక దగ్గర నొప్పి వస్తే అది క్రూయిజర్ పుట్టుకతో తెచ్చుకున్న జబ్బు: పాదాలు ముందుకు పోవడం వల్ల కాళ్లు ఒంటి బరువును మోయవు, గుంత వచ్చినప్పుడు మీరు లేచి నిలబడలేరు, దెబ్బంతా సీటు ద్వారా నేరుగా నడుముకే చేరుతుంది.

ఈ కాలంలో రకరకాల రోడ్ల మీద తిప్పండి. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం రోడ్డు ఒకరకం, రామభద్రపురం దాటి సాలూరు ఘాట్ ఎక్కే రోడ్డు ఇంకొకరకం, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే మలుపులు మరొకరకం. మూడింటి మీదా ఒకే చోట నొప్పి వచ్చినప్పుడే ఆ భాగానికి డబ్బు పెట్టండి.

మొదటి ఖర్చు సీటు మీద

కంపెనీ సీటును ముట్టుకోవద్దు. అదే మోడల్‌కు చెందిన పాత సీటు ఒకటి సంపాదించి పని దాని మీద చేయించి, అసలుది అటక మీద దాచండి. సీట్లు కుట్టే దుకాణం రెండు జిల్లాల్లోనూ దాదాపు ప్రతి పట్టణంలో ఉంటుంది. లారీల బాడీలు కట్టే పనికి పేరుపడ్డ సాలూరులోనైతే, రోజంతా కూర్చుని ఒడిశా దాకా నడిపే డ్రైవర్లకు సీట్లు చేసిన చేతులు దొరుకుతాయి. ఆ అనుభవం బండి సీటుకూ పనికొస్తుంది.

మేస్త్రీకి "మెత్తగా చెయ్యి" అని చెప్పడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మెత్తని సీటు మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది, గంట గడిచేసరికి నలిగిపోయి అడుగునున్న ప్లాస్టిక్ పలకను మీ ఎముకకు తగిలిస్తుంది. అడుగున ముక్కలు అతికించి చేసిన గట్టి ఫోమ్, పైన ఒక అంగుళం మందాన మెత్తని ఫోమ్ వేయమని చెప్పండి. గట్టి పొర అతికించాక బొటనవేలితో బలంగా నొక్కితే అడుగు పలక తగలకూడదు. రెక్సిన్ తొడగక ముందే, ఫోమ్ మీద ఒక దుప్పటి ముక్క వేసుకుని దుకాణం ముందే పావుగంట కూర్చోండి. మేస్త్రీ అప్పుడు సుద్దముక్కతో మీ తొడల అంచు, నడుము వెనక భాగం గుర్తు పెట్టి, హ్యాక్సా బ్లేడుతో ఆ గీత వెంట ఫోమ్‌ను పల్చగా చెక్కుతాడు. తొడ లోపలి అంచు దగ్గర వేలు మందం తీసేస్తే కాలు నేలకు ఇంకాస్త దిగుతుంది. నడుము వెనక చిన్న ఎత్తు ఉంచితే ఘాట్ ఎక్కేటప్పుడు వెనక్కి జారరు, కాని ఆ ఎత్తు ఎక్కువైతే ఒకే భంగిమలో ఇరుక్కుని రెండు గంటల తరువాత కదలడానికి చోటు లేక ఇబ్బంది పడతారు. ఈ చెక్కుడు పని మొత్తం మార్పుల్లో కంటికి అతి తక్కువగా కనిపించేది, ఒంటికి అతి ఎక్కువగా తెలిసేది.

కుట్లు మీరు కూర్చునే చోట పడకుండా అంచులకు పంపించమనండి. సన్నని వజ్రాల కుట్టు చూడటానికి బాగుంటుంది, అయితే వానాకాలంలో ప్రతి సూది రంధ్రమూ నీరు లోపలికి పీల్చుకుంటుంది, తడిసిన ఫోమ్ మూడు రోజులైనా ఆరదు. తప్పదనుకుంటే రెక్సిన్ కింద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేయించండి. నల్లటి రెక్సిన్ మే నెల మధ్యాహ్నం ఎలా కాలుతుందో మీకే తెలుసు కాబట్టి ముదురు గోధుమ రంగు వైపు కాస్త మనసు పెట్టండి.

హ్యాండిల్, కాళ్లు పెట్టే చోటు

సీటు ఖాయమయ్యాక మాత్రమే హ్యాండిల్ కొలవాలి, ఎందుకంటే సీటు ఎత్తు మారితే చేతుల దూరం కూడా మారిపోతుంది. బండి మీద నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని, మోచేతులు కొంచెం వంచి చేతులు ముందుకు చాపండి. పిడికిళ్లు సహజంగా ఆగిన చోటికీ ఇప్పుడున్న గ్రిప్పులకూ మధ్య దూరాన్ని ఎవరిచేతనైనా టేపుతో కొలిపించండి. తేడా రెండు అంగుళాల లోపైతే హ్యాండిల్ మార్చనక్కరలేదు, దాన్ని పైకి లేపేందుకు కింద వేసే దిమ్మలు, అంటే రైజర్లు, సరిపోతాయి. గ్రిప్పులు భుజాల ఎత్తును మించే హ్యాండిళ్లు ఫొటోలో రాజసంగా కనిపిస్తాయి కాని, చేతుల్లోకి రక్తం సరిగా పారక అరగంటలో వేళ్లు మొద్దుబారతాయి, గుంతల రోడ్డు మీద బండి అదుపు కూడా తగ్గుతుంది.

హ్యాండిల్ ఎత్తు పెరిగితే క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, బ్రేకు గొట్టం, స్విచ్చుల వైర్లు అన్నీ చాలకుండా పోతాయి. బిగించిన వెంటనే ఈ పరీక్ష చేయండి: బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, తరువాత కుడికి పూర్తిగా తిప్పండి. ఎక్కడైనా ఇంజను శబ్దం దానంతట అదే పెరిగితే కేబులు లాగుకుపోతోందని అర్థం, ఆ బండిని రోడ్డెక్కించకూడదు. బ్రేకు గొట్టం చాలకపోతే దాన్ని సాగదీసి కట్టడం ఆత్మహత్యా సదృశం. సరైన పొడవున్న గొట్టం వేయించి, కంపెనీ చెప్పిన బ్రేకు ఆయిల్ పోయించి, గాలి బుడగలు పూర్తిగా తీయించాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఈ పని రోడ్డు పక్కన చేయించవద్దు.

ఫుట్ పెగ్గులను ఇంకా ముందుకు జరిపే ఫార్వర్డ్ సెట్ల గురించి నా మాట సూటిగా చెప్తాను: ఆరడుగులకు పైబడినవారికి తప్ప అవి అవసరం లేదు. లేత్ వర్క్‌షాపులో వెల్డింగ్ చేయించిన లింకు కడ్డీ మీద మీ వెనక బ్రేకు ఆధారపడి ఉంటుంది. ఆ వెల్డింగు విరిగే రోజు ముందుగా చెప్పి రాదు. క్రాష్ గార్డుకు బిగించే అదనపు పెగ్గులు వేసుకోవచ్చు, కాని వాటి మీద కాళ్లు పెట్టుకోవడం కనుచూపు మేర రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే. హైవే డివైడరు సందులోంచి ఎప్పుడు ఏ ఆవు వస్తుందో, ఏ ఆటో అడ్డదారిలో ఎదురొస్తుందో తెలియని మన వైపు రోడ్లలో కుడికాలు బ్రేకు మీదే ఉండాలి.

టైర్లు, లైట్లు

వెనక టైరు ఎంత లావుగా ఉంటే అంత గొప్ప అన్న భ్రమ క్రూయిజర్ ప్రియుల్లో బలంగా ఉంది. మీటియర్ 350కి కంపెనీ ఇచ్చిన కొలత ముందు 100/90-19, వెనక 140/70-17. అదే రిమ్ము మీద ఇంకా వెడల్పాటి టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి మధ్యభాగం ఉబ్బుతుంది, రోడ్డుకు తగిలే భాగం పెరగడానికి బదులు తగ్గవచ్చు, చైన్‌కు గాని, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కు గాని రాసుకుంటుంది. డబ్బు పెట్టాలనుకుంటే అదే కొలతలో మంచి రబ్బరు కొనండి. కొనేటప్పుడు టైరు పక్కన ఉన్న చివరి నాలుగు అంకెలు చదవండి: 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. దుకాణంలో రెండేళ్లు ఎండిన టైరును కొత్తదని అంటగట్టే అలవాటు కొందరికి ఉంది.

అదనపు లైట్లకు కారణం ఉండాలి. డిసెంబరు తెల్లవారుజామున అనంతగిరి మలుపుల్లో మంచు కమ్మినప్పుడు తెల్లటి ఎల్ఈడీ కాంతి మన కళ్లలోకే తిరిగి కొడుతుంది. కిందికి బిగించి నేల చూసేలా వంచిన పసుపు లైట్లు అక్కడ నిజంగా పనిచేస్తాయి. 55 వాట్ల బల్బులు రెండు వేస్తే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతాయి, బండి స్విచ్చుకు వచ్చే సన్నటి వైరు దాన్ని మోయలేదు. కాబట్టి బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), రిలే నుంచి లైటు అన్న వరుసలో వేరే వైరు లాగించి, రిలేను నడిపే సన్న వైరును మాత్రమే కొత్త స్విచ్చుకు ఇవ్వాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపు ఉండాలి. కంపెనీ వైరును బ్లేడుతో గీరి, కొత్తది చుట్టి, టేపు వేసే పనిమంతుడు ఎంత స్నేహితుడైనా మీ బండి దగ్గరికి రానివ్వకండి.

సైలెన్సర్, చట్టం

పాత బుల్లెట్ శబ్దం మీద మన ప్రాంతంలో ఉన్న వ్యామోహం చిన్నది కాదు. ఆ శబ్దానికి కారణం సైలెన్సర్ ఒక్కటే అనుకోవడం మాత్రం సరికాదు. 70 మి.మీ. బోరుకు (సిలిండర్ వెడల్పు) 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న ఆ 346 సీసీ ఇంజనులో పిస్టన్ చాలా దూరం ప్రయాణిస్తుంది, బరువైన ఫ్లైవీలు దాన్ని నిదానంగా తిప్పుతుంది, అందువల్ల ఒక్కో పేలుడూ విడివిడిగా వినిపిస్తుంది. మీటియర్ ఇంజను బోరు 72, స్ట్రోకు 85.8 మి.మీ.; దానికి డొల్ల సైలెన్సర్ తగిలిస్తే బుల్లెట్ గొంతు రాదు, రేకు డబ్బా మోత వస్తుంది. పైగా 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బండ్లలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సరు ఆ గొట్టం దారిలోనే ఉంటాయి; వాటిని తీయించినా చెడగొట్టినా ఇంజనుకు ఇంధనం లెక్క తప్పుతుంది, వారంటీ చిక్కులు మొదలవుతాయి.

175 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు తయారీ దశలో నిర్ణయించిన శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు, లైసెన్సు మూడు నెలలు నిలిచిపోతుంది. మోత సైలెన్సర్లను పోలీసులు పోగుపెట్టి రోడ్డు రోలరుతో తొక్కించడం మన రాష్ట్రంలో చూస్తూనే ఉన్నాం. రాత్రి పదకొండు గంటలకు మీ వీధిలో నిద్రపోతున్న పసిపిల్ల తల్లి అభిప్రాయాన్ని కూడా చట్టంతో సమానంగా లెక్కలోకి తీసుకోవాలని నేను అంటాను.

మిగతా మార్పులకు వర్తించేది అదే చట్టంలోని 52వ సెక్షన్. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని స్పష్టం చేసింది. ఉల్లంఘించిన యజమానికి 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఛాసిస్ కోయడం, ఇంజను మార్చడం, వెనక భాగం తెగ్గొట్టి పొట్టి తోక ఉండే బాబర్ రకం బండిగా చేయడం ఈ పరిధిలోకి వస్తాయి. సీటు, గ్రిప్పులు, విండ్ షీల్డు, సామాను సంచులు వంటివి ఛాసిస్‌ను ముట్టుకోని, విప్పితే పోయే మార్పులు కాబట్టి వాటితోనే ముచ్చట తీర్చుకోవడం మంచిది. వెనక కూర్చునేవారికి పట్టుకునే కడ్డీ, కాళ్లు పెట్టుకునే పెగ్గులు, వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే సారీ గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 123వ నిబంధన కోరుతుంది. అందం చెడగొడుతోందని చాలామంది మొదట పీకేసేది ఈ సారీ గార్డునే. మన ఇళ్లలో అమ్మ, పిన్ని, అక్క చీర కట్టుకుని ఒకవైపుకు కూర్చునే బండి ఇదేనని మరిచిపోవద్దు. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు వంచడం, పక్కకు బిగించడం కూడా వద్దు.

రంగు, క్రోమ్, ఉప్పుగాలి

బండికి పూర్తిగా కొత్త రంగు వేయించదలిస్తే రవాణా శాఖ కార్యాలయంలో తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పాలి. అంత తతంగం లేకుండా బండికి సొంత ముఖం తెచ్చే మార్గం ట్యాంకు మీద చేతి గీతలు. లారీ బాడీల మీద పేర్లు, పూలు, చిలకలు రాసే చిత్రకారులు సాలూరులో ఉన్నారు. స్టిక్కరు యుగం వచ్చాక వారి పని తగ్గింది గాని చెయ్యి పోలేదు. పొడవాటి వెంట్రుకల సన్న కుంచెను ఎనామిల్‌లో ముంచి, చిటికెన వేలిని ట్యాంకు అంచుకు ఆనించి, ఊపిరి బిగపట్టి మోకాలి గుంట నుంచి మూత దాకా ఒకే లాగుడులో గీసే గీతలో మందం ఎక్కడా మారదు. దగ్గరగా చూస్తే గీత మొదలైన చోట కాస్త గుండ్రంగా, ముగిసిన చోట సూదిలా ఉంటుంది. స్టిక్కరుకు ఆ రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. అతనికి బండి ఇచ్చే ముందు ట్యాంకు మీద మైనం, నూనె జిడ్డు లేకుండా శుభ్రం చేయండి, లేకపోతే గీత ఆరునెలల్లో పొట్టులా లేచిపోతుంది. ఇంకొక హెచ్చరిక: ట్యాంకు దగ్గర వెల్డింగు పని ఎప్పుడూ పెట్టకండి. పెట్రోలు తీసేసిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది.

క్రోమ్ విషయంలో మన తీరం నిర్దయగా ఉంటుంది. క్రోమ్ పూత చాలా పల్చన, దానికి కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి, కింద ఉన్న నికెల్ పొర బలహీనంగా ఉంటే ఉప్పుతేమ ఇనుము దాకా దిగి చిన్న చిన్న గోధుమ రంగు చుక్కలుగా పైకి వస్తుంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌ల నుంచి వచ్చిన రాత్రే, మరునాటికి వాయిదా వేయకుండా, ఇంజను చల్లారాక మంచినీళ్లతో కడగండి. ఉప్పునీళ్లు వచ్చే బోరు ఉన్న ఇళ్లలో ఆ నీళ్లతో కడిగితే కడగకపోవడమే మేలు. పూర్తిగా ఆరాక మైనం పల్చగా పూసి మెత్తని గుడ్డతో తుడవండి. చుక్కలు అప్పటికే వచ్చి ఉంటే ఇసుక కాగితం వాడకుండా, వంటింటి అల్యూమినియం రేకును నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. తీరానికి దగ్గరగా ఉండేవారు కొత్త భాగాలు కొనేటప్పుడు క్రోమ్ కన్నా నల్ల పౌడర్ కోటింగ్ వైపు మొగ్గితే సగం ఆదివారాలు మిగులుతాయి.

చైన్‌ను సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానల్లో ఇంకా ముందే, కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి నూనె పట్టించండి. లింకుల మధ్య రబ్బరు రింగులు ఉండే చైన్‌ను పెట్రోలుతోనూ ఇనుప బ్రష్షుతోనూ కడగకూడదు.

ఒక్కో మార్పు, ఒక్కో పరీక్ష

ఒకేసారి రెండు భాగాలు మార్చితే కొత్తగా వచ్చిన వణుకు దేనివల్లో తేల్చలేరు. ఒకటి మార్చాక దాని బోల్టులన్నిటికీ బిగువును కొలిచి చూపే టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువు ఇప్పించి, ప్రతి నట్టు నుంచి పక్కనున్న లోహం మీదికి తెల్ల పెయింటుతో సన్నని గీత గీయండి. తరువాత శ్రీకాకుళం వారు కళింగపట్నం దాకా, విజయనగరం వారు శృంగవరపుకోట దాకా ఒంటరిగా నడిపి వచ్చి ఆ గీతలు చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిన నట్టు వదులైందని చెబుతున్నట్టే. దాన్ని విప్పి, బోల్టు మర చుట్ల మీద, నట్టు వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేసి మళ్లీ బిగించాలి. అలా రెండు వారాలు ఏ తేడా లేకుండా నడిచాకే తరువాతి భాగానికి డబ్బు తీయండి. తీసేసిన అసలు భాగాలకు పల్చగా నూనె రాసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సంచి మీద భాగం పేరు, తేదీ రాసి దాచండి; అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది అవే.

ఈ ఖర్చు లెక్కను ఇంట్లోవారికి తెలిసే చోట ఉంచడం మంచిది. ఏడాదికి ఇంత అని ముందే చెప్పి, హెల్మెట్లకు అందులో నుంచే మొదట తీయండి, వెనక కూర్చునేవారిది కూడా కలిపి. ఇంట్లో రహస్యంగా కొన్న రైజర్ల కన్నా బాహాటంగా కొన్న సీటు ఎక్కువ కాలం సుఖాన్నిస్తుంది.

తుపాను రోజుల్లో

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవారికి ఈ భాగం ఎందుకో చెప్పనక్కరలేదు. హెచ్చరిక రాగానే బండిని చెట్టు, రేకుల షెడ్డు, పాత గోడల పక్క నుంచి తీసి ఎత్తైన చోట, గేరులో, సైడ్ స్టాండు కింద చెక్క ముక్క వేసి నిలపండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పేయండి. కవరు కప్పవద్దు, గాలికి అది తెరచాపలా పనిచేసి బండిని పడేస్తుంది.

నీరు ఇంజను మధ్య దాకా వచ్చి పోయిన బండిని సెల్ఫ్ కొట్టి చూడాలన్న కోరికను అణచుకోండి, ఎందుకంటే సిలిండర్‌లో నీరుంటే పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. మొదట ఇంజను ఆయిల్ చూసే గాజు కన్నులోకి టార్చి వేయండి. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీరు చేరినట్టే. ఎయిర్ ఫిల్టరు తీసి ఆరబెట్టి లేదా మార్చి, స్పార్క్ ప్లగ్ విప్పి, పాత ఆయిల్ పూర్తిగా వంచేసి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేయించి, ప్లగ్ లేకుండానే ఇంజనును కొన్నిసార్లు తిప్పించి నీరు బయటికి పంపాక ప్లగ్ బిగించి స్టార్ట్ చేయించండి. కొంచెంసేపు నడిపాక ఆయిల్ మళ్లీ చూడండి. తెలుపు ఇంకా కనిపిస్తే రెండోసారి కూడా మార్చాలి. చక్రాల బేరింగులు, బ్రేకు ప్యాడ్లు, వైరింగు సాకెట్లు అదే వారంలో విప్పించి ఆరబెట్టించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసే ఉద్దేశం ఉంటే మాత్రం నీటి మట్టం గుర్తు కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీ మనిషి వచ్చి చూసే వరకు ఒక్క బోల్టు కూడా విప్పించవద్దు.